బిల్లు ముట్టాక కూడా ఫోను ఎత్తే కాంట్రాక్టర్లు ఉన్నారండీ

సంపాదకుల వారికి నమస్కారం.

ఇళ్ళు కట్టే కాంట్రాక్టర్ల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన ఉత్తరం చదివాను. అడ్వాన్సు చేతిలో పడ్డాక కనబడరు, కనబడితే రేటు పెంచమంటారు, ఇల్లు అప్పగించాక ఫోను ఎత్తరు అని ఆ పాఠకుడు వాపోయారు. అందులో అబద్ధం ఏమీ లేదు, మా పర్లాకిమిడిలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇలాంటి కథ ఒకటి చెవిన పడుతుంది. కానీ చివర్లో ఆయన "ఒక మనిషికి ఇల్లు ఒక్కసారే కదా, మళ్ళీ మన మొహం చూసే అవసరం కాంట్రాక్టరుకి ఏముంటుంది" అన్నారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. అవసరం బోలెడు ఉంది. నేనూ ఇళ్ళ కాంట్రాక్టరునే, నాకొచ్చే పనిలో ఎక్కువ భాగం పాత ఇళ్ళవాళ్ళ దగ్గరి నుంచో, వాళ్ళు చెప్పి పంపినవాళ్ళ దగ్గరి నుంచో వస్తుంది. బోర్డు పెట్టించలేదు, పాంప్లెట్లు పంచలేదు.

గజపతి జిల్లా కేంద్రం అని పేరే గానీ మాది చిన్న ఊరు. ఇక్కడ ఇల్లు ఒక్కసారిగా పూర్తి కాదు. డబ్బు ఉన్నంత మేరకు కింద అంతస్తు వేసుకుంటారు, పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తారు, కొడుకు ఉద్యోగంలో చేరాకో కూతురి పెళ్ళి అప్పులు తీరాకో పై అంతస్తు మొదలుపెడతారు. ఈ లోపల వంటిల్లు పెంచుతారు, ప్రహరీ లేపుతారు, వీధి వైపు గదికి షట్టరు పెట్టి కొట్టు చేసి అద్దెకిస్తారు, ముసలివాళ్ళు మెట్లెక్కలేకపోతున్నారని కిందనే ఇంకో బాత్రూం కట్టిస్తారు. ఊళ్ళో మేడల మీద నిలబడ్డ చువ్వలన్నీ ఎవరో ఒక కాంట్రాక్టరుకి రాబోయే పనులే. అది మనకి వస్తుందా ఇంకొకడికి పోతుందా అనేది కింద అంతస్తు కట్టినప్పుడు మనం ఎలా నడుచుకున్నామనే దాని మీదే ఉంటుంది.

ఆ చువ్వల సంగతే చెబుతాను. ఊరికే వదిలేస్తే నాలుగు వానలకి తుప్పు పట్టి పొరలుగా రాలిపోతాయి, తర్వాత పై పిల్లరు లేపాలంటే వాటి బలం మీద నమ్మకం ఉండదు. సిమెంటు పాలు పూసి, వీలైతే చుట్టూ పల్చటి కాంక్రీటు పోసి కప్పేస్తే సరిపోతుంది, పై అంతస్తు కట్టేటప్పుడు దాన్ని పగలగొట్టేయొచ్చు. ఎంత ఖర్చండీ? ఒక బస్తా సిమెంటు, ఒక మేస్త్రి పూట కూలి. చాలామంది కాంట్రాక్టర్లు చెయ్యరు, ఎందుకంటే అగ్రిమెంటులో ఉండదు. చేసినవాడిని మాత్రం ఇంటి యజమాని పదేళ్ళైనా మరిచిపోడు, మేడ ఎక్కినప్పుడల్లా కంటికి కనబడుతూనే ఉంటుంది మరి.

రేటు దగ్గరికి వస్తాను. మా లైన్లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, చదరపు అడుగుకి యాభై రూపాయలు తగ్గిస్తే గిరాకీ మనదే అనుకుంటారు. తగ్గించి పట్టుకున్న గిరాకీ ఇంకొకడు అరవై తగ్గిస్తే అటే పోతుంది, అతను వచ్చిందే రేటు చూసి కదా. పైగా తగ్గించిన యాభై ఎక్కడో ఒక చోట రాబట్టుకోవాలి కాబట్టి సిమెంటు పాళ్ళలో చెయ్యి పడుతుంది, లేదంటే సెంట్రింగు, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద ఆపే పలకలూ పోట్లూ, ఇంకో సైటుకి కావాలని ముందే ఊడదీస్తారు. మా సరిహద్దు ఊళ్ళలో దీనికి తోడు ఇంకో తలనొప్పి. నది దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాలు సగం మంది అటే ఉండిపోయారు. ఇక ప్రతి ఇంటి యజమానీ "మా బావమరిది పాతపట్నంలో కట్టించాడండీ, అక్కడ ఇంత తక్కువ, మీరేటి ఇంత చెబుతున్నారు" అంటాడు.

మా కుర్రాళ్ళు చాలామంది ఈ మాటకి కోపం తెచ్చుకుంటారు, కూర్చోబెట్టి లెక్క చెప్పరు. ఆంధ్రలో 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది, ఆ ఇసుక రాష్ట్రం దాటకూడదు, అందుకే అక్కడి లెక్క ఇక్కడ కుదరదు. మా వైపు ఇసుక బండికి వై ఫారం, అంటే సర్కారు ఇచ్చే రవాణా అనుమతి కాగితం, ఉండాలి, లేకుండా వస్తే దారిలో పట్టుకుంటే బండీ పోతుంది, జరిమానా పడుతుంది. తక్కువకి వస్తోందని రాత్రిపూట ఇసుక దింపించుకునేవాళ్ళు ఉన్నారు, ఆ టెన్షన్ ఇంటివాళ్ళకి తగిలించడం నాకిష్టం లేదు. ఇసుక ఎంత, కంకర ఎంత, ఇటుక ఎంత, చువ్వ ఎంత, కూలి ఎంత, నా లాభం ఎంత అని కాగితం మీద రాసి చూపిస్తే సగం మందికి బావమరిది ఇల్లు గుర్తుకు రాదు. మిగతా సగం వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వాలి. ఒడియా వాళ్ళ ఇల్లయితే అదే కాగితం మా అబ్బాయి చేత ఒడియాలో రాయిస్తాను, వాడు చదివింది ఒడియా మీడియమే.

నాకు తెలిసి గొడవల్లో చాలా భాగం రేటు మీద రావు, కొలత మీద వస్తాయి. అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటారు బాగానే ఉంది, ఏ అడుగులు? గోడల బయటి నుంచి బయటికి కొలిచిన ప్లింత్ ఏరియానా, పైన స్లాబు పరుచుకున్నంత మేరా కొలిచిన స్లాబ్ ఏరియానా? సజ్జాలు లెక్కలోకి వస్తాయా, బాల్కనీ పూర్తిగా వస్తుందా సగమే వస్తుందా, మెట్ల మీది హెడ్ రూము, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు ఇవన్నీ ఆ రేటులోనేనా విడిగానా? ఈ ముక్క శంకుస్థాపన రోజు ఎవరూ అడగరు, ఆ రోజంతా కొబ్బరికాయల హడావుడి. చివరి బిల్లు రోజు కాంట్రాక్టరు సజ్జాలతో కలిపి కొలుస్తాడు, యజమాని గోడల వరకే కొలుస్తాడు, రెండింటికీ మధ్య ఏ వంద అడుగులో తేడా వస్తుంది, అక్కడితో అన్ని నెలల స్నేహం చెడిపోతుంది. ఇద్దరూ నిజాయితీపరులే అయినా సరే చెడిపోతుంది. అందుకే మొదటి రోజే ప్లాను మీద రంగు పెన్సిలుతో గీసి, ఇది లెక్కలోకి వస్తుంది ఇది రాదు అని ఇద్దరం సంతకాలు పెట్టుకోవాలి.

చువ్వ కూడా అంతే. లేబర్ కాంట్రాక్టు అయినప్పుడు సామాను యజమానే తెస్తాడు, టన్నులు లెక్క చూసి ఇంత చువ్వ ఎక్కడికి పోయిందండీ అని అనుమానపడతాడు. ఇందులో దాచేది ఏమీ లేదు. మిల్లీమీటర్లలో చువ్వ మందాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం చువ్వ అయితే మీటరుకి సుమారు 890 గ్రాములు, 12 మీటర్ల నిండు చువ్వ పది కిలోల ఏడు వందల గ్రాములకి కాస్త అటూ ఇటూ. ఈ లెక్క నేర్పిస్తే యజమాని లారీ దిగిన రోజే చువ్వలు లెక్కపెట్టి బరువు సరిచూసుకుంటాడు, కొట్టువాడు తక్కువ తూచినా అక్కడే దొరికిపోతాడు. మనల్ని అనుమానించే మనిషికి మనమే తూకం నేర్పించడం ఏమిటి అని మా తోటి కాంట్రాక్టరు ఒకాయన నవ్వుతాడు. ఆయన సైటులో నెలకొక పంచాయితీ.

ఇంకో విషయం రాస్తే మా వాళ్ళకి కోపం వస్తుంది, అయినా రాస్తాను. కమీషన్లు. టైల్సు కొట్టు, శానిటరీ కొట్టు, కరెంటు సామాన్ల కొట్టు, అందరూ గిరాకీని తీసుకొచ్చిన కాంట్రాక్టరుకి నూటికి ఇంత అని ఇస్తారు. పెయింటు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు ఉంటాయి, వైరు బాక్సుల మీద ఎలక్ట్రీషియన్లకి పాయింట్లు ఉంటాయి. ఇది రహస్యం అనుకుంటారు గానీ ఊళ్ళో అందరికీ తెలిసిందే. తీసుకోవడం తప్పని నేను చెప్పను, కానీ యజమానికి తెలియకుండా తీసుకుని, ఆ కొట్టులోనే కొనండి అని పట్టుబట్టి, పక్క కొట్టులో అదే టైలు తక్కువకి దొరుకుతుందని ఆయనకి గృహప్రవేశం రోజు ఎవరో చుట్టం చెబితే, అక్కడితో అయిపోయింది. మీరు కట్టిన గోడ ఎంత నిటారుగా ఉన్నా ఆయన కంటికి వంకరగానే కనబడుతుంది. నేనైతే కొట్టువాడిని ఆ కమీషను బిల్లులోనే తగ్గించమంటాను. కుదరకపోతే నాకు ఇంత వస్తుంది అని యజమానికి చెప్పేస్తాను, చాలామంది "ఉంచుకోండి పర్వాలేదు" అనే అంటారు.

ఇప్పుడు కట్టించేవాళ్ళలో సగం మంది ఊళ్ళో ఉండరు. హైదరాబాదు, బెంగుళూరు, విశాఖలో ఉద్యోగాలు, ఇక్కడ అమ్మానాన్నల పేరు మీద స్థలం. పెద్దవాళ్ళు రోజూ సైటుకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటారు గానీ వాళ్ళకి పిల్లరుకి చుట్టూ 40 మిల్లీమీటర్లు కవరు, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, వదలాలని ఎలా తెలుస్తుంది? అందుకని స్లాబు వేసే ముందు చువ్వల మధ్య దూరం టేపు పెట్టి ఫోటో, కింద కవర్ బ్లాకులు పెట్టిన ఫోటో, కాంక్రీటులోకి వెళ్ళిపోయే పైపుల ఫోటో, అన్నీ వాట్సాప్‌లో బయట ఊళ్ళో ఉన్న వాళ్ళ అబ్బాయికి పంపుతాను. రేపు ఎప్పుడైనా గోడలో మేకు కొట్టాలన్నా, ఏసీ పెట్టాలన్నా పైపు ఎక్కడుందో ఆ ఫోటోలే చెబుతాయి. ఒకాయన అవన్నీ ప్రింటు తీయించి ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టుకున్నాడు. తర్వాత వాళ్ళ ఆఫీసులో పనిచేసే పర్లాకిమిడి కుర్రాడు ఇంకొకడు అవే ఫోటోలు చూసి నాకు ఫోను చేశాడు.

కాదు అని చెప్పడం కూడా నేర్చుకోవాలండీ మా వాళ్ళు. గిరాకీ పోతుందేమో అని అన్నిటికీ తల ఊపేస్తారు. ముహూర్తం దగ్గర పడింది, సెంట్రింగు రేపే తీసేయండి అంటారు ఇంటివాళ్ళు. కాంక్రీటు పనులకి ఐఎస్ 456 అని భారతీయ ప్రమాణం ఒకటి ఉంది, 2000లో సవరించింది. దాని ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన స్లాబు నాలుగున్నర మీటర్ల లోపు అయితే, అంటే దాదాపు 15 అడుగులు, కింద పోట్లు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. బీములకి 6 మీటర్ల వరకు 14 రోజులు, పైన అయితే 21. మనకి ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), స్లాగు (ఉక్కు కొలిమి చిట్టెం కలిపిన) సిమెంట్లు మెల్లగా గట్టిపడతాయి కాబట్టి ఇంకా ఆగాలి. నీళ్ళు పెట్టడం కూడా మామూలు సిమెంటుకి 7 రోజులు, ఈ రకాలకి పది రోజులైనా ఉండాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఇవన్నీ ఇంటివాళ్ళకి ముందే చెప్పి, ముహూర్తం ఆ తర్వాతే పెట్టించుకోమనాలి. మా పంతులు గారు మంచివారు, కాంట్రాక్టరుని అడిగే తేదీ చెబుతారు.

ఇక ఆ పాఠకుడు రాసిన అసలు బాధ, అప్పగించాక ఫోను ఎత్తకపోవడం. దీని మీద నేను ఎంత రాసినా తక్కువే. కొత్త ఇల్లు మొదటి వానాకాలంలో తప్పకుండా ఏదో ఒకటి చూపిస్తుంది. బాత్రూం మూలన చెమ్మ, కిటికీ సజ్జా దగ్గర కారడం, పిల్లరుకీ ఇటుక గోడకీ కలిసే చోట నిలువుగా సన్నటి పగులు. ఆ పగులు భయపడాల్సింది కాదు, ప్లాస్టింగుకి ముందు ఆ జాయింటు మీద చికెన్ మెష్ అనే సన్న ఇనుప వల కొట్టి ఉంటే చాలావరకు రాదు. కానీ లక్షలు పోసి కట్టుకున్న మనిషికి అది సన్నదో పెద్దదో తెలియదు, రాత్రి నిద్ర పట్టదు. ఆ సమయంలో కాంట్రాక్టరు వచ్చి చూసి "ఇది ప్లాస్టింగుదేనండీ, దసరా వెళ్ళాక మేస్త్రిని పంపి పట్టీ వేయిస్తాను" అంటే చాలు. రిపేరు ఆలస్యమైనా ఓర్చుకుంటారు. ఫోను ఎత్తకపోతే మాత్రం ఓర్చుకోరు, ఆ వారంలో కనబడిన ప్రతి మనిషికీ చెబుతారు, పెళ్ళిళ్ళలో చెబుతారు, రైలు ఎక్కితే పక్క సీటువాడికి చెబుతారు. నేను కట్టిన ఇళ్ళకి వాన మొదలయ్యాక ఒకసారి, పిలవకపోయినా వెళ్ళి మేడ ఎక్కి చూసి వస్తాను. నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు ఇరుక్కుని ఉంటాయి, సగం లీకులు వాటి వల్లే. తీసేసి, టీ తాగి వచ్చేస్తాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా ఎలా అయిందో మీ పత్రిక రాసే ఉంటుంది. రేకులు లేచిపోయాయి, చెట్లు గోడల మీద పడ్డాయి, కొండ ఊళ్ళలో చరియలు విరిగి మనుషులే పోయారు, కరెంటు ఎప్పటికి వచ్చిందో అందరికీ గుర్తే. ఆ వారం ఊళ్ళో రేకులకీ మేస్త్రీలకీ ఎంత అడిగితే అంత. కొందరు కాంట్రాక్టర్లు మంచి డబ్బులే చూశారు, తప్పు పట్టను, కూలి కూడా పెరిగింది కదా. కానీ పాత ఇళ్ళవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళి, పాత రేటుకే రేకులు బిగించి, డబ్బులు తర్వాత ఇవ్వండి అన్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు ముగ్గురే ఉన్నారు. ఈ రోజు పర్లాకిమిడిలో వాళ్ళకి పని వెతుక్కోవాల్సిన అవసరం లేదు. కాశీనగర్ నుంచి కూడా పిలుస్తారు.

ఇంకో మాట. యజమానికి గుర్తుండేది కాంట్రాక్టరు కంటే మేస్త్రి. "ఆ మెళియాపుట్టి మేస్త్రినే పంపండి, నునుపు బాగా తీస్తాడు" అని పేరు పెట్టి అడుగుతారు. శనివారం కూలి శనివారం ఇవ్వని కాంట్రాక్టరు దగ్గర ఆ మేస్త్రి ఉండడు, ఇంకో సైటుకి పోతాడు, అతనితో పాటే ఆ ఇంటివాళ్ళూ పోతారు. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు.

కట్టించుకునేవాళ్ళ తప్పులు లేవా అంటే ఉన్నాయి, రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. స్లాబు అయ్యాక గుమ్మం అటు తిప్పమంటారు, తిప్పితే డబ్బెందుకు అంటారు. దానికి నేను సైటులో ఒక నోటు పుస్తకం పెడతాను, మారిన ప్రతి పనీ, దానికయ్యే ఖర్చూ పని మొదలవకముందే అందులో రాసి ఇంటావిడ చేతనో ఆయన చేతనో సంతకం పెట్టిస్తాను. పని అయ్యాక చెప్పిన ఎక్స్‌ట్రాకి ఎవరూ సంతోషంగా డబ్బులివ్వరు.

ఇక చట్టం సంగతి. అపార్ట్‌మెంట్లు, పెద్ద వెంచర్లు కట్టి అమ్మేవాళ్ళయితే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద, అప్పగించిన 5 ఏళ్ళలో నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లోపు తమ ఖర్చుతో సరిచేయాలి. గ్రామ సడక్ యోజన రోడ్డు వేసిన కాంట్రాక్టరు కూడా 5 ఏళ్ళు దాని మంచీచెడూ చూడాలి. యజమాని సొంత స్థలంలో ఆయన ఇల్లు కట్టిపెట్టే నాలాంటి చిన్న కాంట్రాక్టరుకి రెరా వర్తించదు. వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే లెక్క వేస్తుంది కాబట్టి జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు, కానీ చేతిలో అగ్రిమెంటు కాగితం లేకుండా వెళ్తే అక్కడ ఏం చూపిస్తారు? అందుకే నా పనులకి నేనే ఒక షరతు రాసుకున్నాను. మొత్తం బిల్లులో నూటికి ఐదు చొప్పున యజమాని దగ్గరే ఆపుకుంటారు, ఒక వానాకాలం దాటాక లీకులు లేకపోతే ఇస్తారు. సర్కారు పనుల్లో డిపాజిట్టు ఆపినప్పుడు నోరెత్తని మా వాళ్ళు, సొంత ఊరి మనిషి ఆపుకుంటానంటే ఎందుకు గింజుకుంటారో నాకు అర్థం కాదు. ఇప్పటిదాకా ఆ డబ్బు ఎగ్గొట్టినవాళ్ళు నాకు తగల్లేదు, ఆలస్యం చేసినవాళ్ళు ఉన్నారు.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. ఇళ్ళ గురించి వారానికి ఒక పేజీ ఇస్తున్నారు, అందులో హైదరాబాదు విల్లాల లోపలి అలంకరణ ఫోటోలే ఉంటున్నాయి. ఒక్క వారం వాటిని పక్కన పెట్టి, మామూలు మనిషి చించుకుని వాడుకునేలా ఇంటి కాంట్రాక్టు అగ్రిమెంటు నమూనా ఒకటి తెలుగులో వేయండి. ఏ ఏరియా లెక్కలోకి వస్తుంది, ఏ దశలో ఎంత డబ్బు, నీళ్ళు పెట్టే బాధ్యత ఎవరిది, ఎక్స్‌ట్రా పని ఎలా రాసుకోవాలి, అప్పగించాక ఎన్నాళ్ళు చూడాలి, ఇవి ఉంటే చాలు. శ్రీకాకుళం ఎడిషన్‌లో వేస్తే మాకూ వస్తుంది, పర్లాకిమిడి, గుణుపురం వైపు చదివేది అదే. పోయిన వారం ఉత్తరం రాసిన ఆయనకి కూడా ఒక మాట: మీ కాంట్రాక్టరు ఇంకా ఫోను ఎత్తకపోతే, లీకు ఎక్కడుందో ఫోటో తీసి ఈ పత్రిక ఇళ్ళ పేజీకే పంపండి, ముందు మేడ మీద గొట్టంలో ఆకులు ఉన్నాయేమో చూసుకుని.

ఇట్లు,
ఒక చిన్న ఇళ్ళ కాంట్రాక్టరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా